గిరీశాన్ని మెచ్చుకోవటం నేరమా?

మోసగాడో, తాగుబోతో, దొంగో కథానాయకుడుగా ఉన్న నాటకానికి గాని సినిమాకి గాని జనం విరగబడి వెళ్ళినప్పుడల్లా మనలో మూడు రకాల తీర్పులు వెలువడతాయి. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు వెలువడ్డాయి. 2021లో 'పుష్ప' వచ్చినప్పుడూ, 2024లో దాని రెండవ భాగం వచ్చినప్పుడూ వెలువడ్డాయి. రేపు మరొకటి వస్తే ఇవే తీర్పులు, బహుశా ఇవే మాటల్లో, మళ్ళీ వినబడతాయి.

మొదటి తీర్పు నీతివాదులది. కాలం చెడింది, జనం చెడిపోయారు, అందుకే రాముడు నచ్చవలసిన చోట రావణుడు నచ్చుతున్నాడని వీరి ఆవేదన. రెండవది వ్యాపారస్థులది. జనానికి ఏది కావాలో అదే ఇస్తున్నాం, టిక్కెట్టు కొన్నవాడికి లేని బాధ మీకెందుకు అని వీరి ప్రశ్న. మూడవది మనవాళ్ళది. అభ్యుదయ సాహిత్యానికి మచ్చలేని నాయకుడు కావాలనీ, దుష్టుణ్ణి ఆకర్షణీయంగా చిత్రించటమే అభివృద్ధి నిరోధకమనీ, అలాంటి పాత్రకు చప్పట్లు కొట్టే ప్రేక్షకుడికి వర్గచైతన్యం లేదనీ మన మిత్రులు కొందరు సభల్లో బల్లగుద్ది చెబుతున్నారు.

ఈ ముగ్గురూ ఒకరినొకరు తిట్టుకుంటారు. కాని ఒక్క విషయంలో ముగ్గురికీ చక్కని ఏకాభిప్రాయం ఉంది: ప్రేక్షకుడికి బుర్ర లేదు. నీతివాది దృష్టిలో అతను పసివాడు, ఏది చూపిస్తే అది నేర్చుకుంటాడు. వ్యాపారస్థుడి దృష్టిలో అతను వట్టి నోరు, ఏది పెడితే అది తింటాడు. మన మిత్రుల దృష్టిలో అతను మొద్దుబారిన విద్యార్థి, ఆదర్శాన్ని నూరిపొయ్యకపోతే దారి తప్పుతాడు.

ఈ ఏకాభిప్రాయం తప్పని నా వాదన. దోషమున్న పాత్రను ఇష్టపడటమూ దోషాన్ని ఇష్టపడటమూ ఒకటి కావు. పెద్దమనుషులు దాచిపెట్టే నిజాన్ని ఆ పాత్ర బయటపెడుతుంది గనకనే జనం దాన్ని ఇష్టపడతారు. ఇక ఆ రచన మంచిదా, చెడ్డదా అనేది నాయకుడి నడతను బట్టి తేలదు. అతని నడతకు మూల్యం చెల్లించినవాళ్ళను రచయిత మన కళ్ళెదుట నిలబెట్టాడా, లేక తెరవెనక్కు నెట్టేశాడా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

సుయోధనుడికి వన్స్‌మోర్

ఈ ఆకర్షణ ఈనాటిది కాదు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడిన కాలంలో కృష్ణుడి పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన చేతులే సుయోధనుడి పద్యాలకూ వన్స్‌మోర్ కొట్టాయి. తెల్లవారుజామున ఇంటికి పోయిన ఆ రైతులు దాయాదుల భాగాలు కాజెయ్యటం ఆ నాటకం చూసి నేర్చుకున్నారని ఎవరైనా అంటే నవ్విపోతాం. దాయాదుల భాగాలు కాజెయ్యటానికి కావలసిన చదువు వాళ్ళకు కరణం గారి దగ్గరా, కోర్టుల్లోనూ దండిగా దొరికేది.

అసలు దుర్యోధనుడిలో జనానికి ఏం నచ్చింది? భారతంలోని అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం గుర్తు తెచ్చుకోండి. కర్ణుడు విల్లు పట్టి నిలబడితే కృపాచార్యుడు కులం అడిగాడు. భీముడు సూతపుత్రుడని హేళన చేశాడు. ధర్మం తెలిసిన పెద్దలెవ్వరూ నోరెత్తలేదు. నోరెత్తినవాడు, అక్కడికక్కడే అంగరాజ్యమిచ్చి పట్టం గట్టినవాడు దుర్యోధనుడు. అందులో అతని స్వార్థం ఉంది, అర్జునుడికి సాటి వచ్చే విలుకాడు తన పక్షాన ఉండాలన్న లెక్క ఉంది. అయినా కులమడిగిన సభలో ఆ ప్రశ్నను తిప్పికొట్టినవాడు అతనొక్కడే. 1977లో 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి. రామారావు ఈ ఘట్టం నటించినప్పుడు థియేటర్లలో మోగిన చప్పట్లు ద్యూతసభకు కొట్టినవి కావు. కులం పేరుతో తలవంచవలసి వచ్చినవాళ్ళు తమ జవాబును అతని నోట విన్నారు.

ఆ దుర్యోధనుడే ద్రౌపదిని సభకు ఈడ్పించాడు. జనం దీన్ని మరిచిపోలేదు. తొడలు విరిగి పడినప్పుడు అది అన్యాయయుద్ధమని చెప్పుకుంటూనే, అతనికి తగిన శాస్తి జరిగిందని కూడా చెప్పుకున్నారు. ఒకే మనిషిలోని రెండు నిజాలను ఒకేసారి పట్టుకోగల శక్తి చదువురాని ప్రేక్షకుడికి ఉండేది. ఆ శక్తి లేనిది విమర్శకులకే.

పాత సంస్కృత నాటకాల్లో కూడా ఇలాంటివాడొకడు ఉన్నాడు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు బ్రాహ్మణుడు, దొంగ. జంధ్యంతో గోడ కొలిచి కన్నం వేస్తాడు. అతని వృత్తి నైపుణ్యం చూస్తూ మనం ముచ్చటపడతాం. దాసిగా ఉన్న మదనికకు విముక్తి కొనటానికి దొంగతనం చేస్తున్నాడని తెలిసి అతని పక్షాన నిలబడతాం. కాని శూద్రకుడు అక్కడితో వదిలిపెట్టడు. దొంగ పడింది పేదవాడైన చారుదత్తుడి ఇంట్లో. పోయిన నగలు అతను దాచిపెట్టిన పరాయి సొత్తు. భర్త మాట పోకుండా నిలబెట్టటానికి అతని భార్య ధూత తనకు మిగిలిన ఒక్క హారాన్నీ ఇచ్చేస్తుంది. ఒక పేదరాలి బానిసత్వాన్ని మరొక పేదరాలి మెడలోని హారంతో తీర్చుకోవలసి వచ్చిన వ్యవస్థ అది. ఈ శర్విలకుడే చివరకు పాలకరాజును కూలదోసిన తిరుగుబాటులో ముందు నిలబడతాడు. దొంగను దొంగగా చూపుతూనే, రాజ్యం ఎవరిదో, దొంగతనం ఎక్కడ మొదలైందో ప్రేక్షకుడు తేల్చుకోవటానికి కావలసిన సాక్ష్యమంతా రచయిత ముందు పెట్టాడు.

గిరీశం చెప్పే నిజాలు

ఇక మన గిరీశం దగ్గరికి వద్దాం. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. దాన్ని బాగా పెంచి, చాలావరకు తిరగరాసి, గురజాడ రెండవ కూర్పును 1909లో ప్రచురించాడు. నూరేళ్ళు దాటినా అందులో తెలుగువాడికి అందరికంటె ముందు గుర్తొచ్చే మనిషి సౌజన్యారావు పంతులు కాడు, గిరీశం.

గిరీశం చేసిన పనులు ఒకసారి లెక్కపెట్టండి. పూటకూళ్ళమ్మ ఇంట్లో తిని, సామాన్లు తెస్తానని ఆవిడ డబ్బు పుచ్చుకుని, మధురవాణి మీద తగలేశాడు. చీపురు పట్టుకుని ఆవిడ వెతుక్కుంటూ వస్తే మంచం కింద దూరి, దెబ్బలు రామప్పంతులికి తగిలించి తప్పించుకున్నాడు. వితంతువుల దుస్థితి మీద ఇంగ్లీషులో పద్యం రాశాడు. ఆ పద్యం రాసిన చేత్తోనే ఒక వితంతువు కూడబెట్టుకున్న డబ్బు కాజేశాడు. శిష్యుడు వెంకటేశానికి చదువుకు బదులు చుట్ట కాల్చటం నేర్పాడు. అతన్ని అడ్డం పెట్టుకుని కృష్ణరాయపురం అగ్రహారం చేరి, విధవాపునర్వివాహం పేరు చెప్పి బుచ్చమ్మను లేవదీసుకుపోయాడు. ఇతనిలో మెచ్చుకోదగ్గ గుణం ఏదైనా ఉందా అని పరీక్షల్లో ప్రశ్న ఇస్తే, లేదని రాసిన కుర్రవాడికే మార్కులు వెయ్యాలి.

మరి ఎందుకు నచ్చాడు? భాష చమత్కారం వల్ల అని చాలామంది జవాబు. ఇది జవాబు కాదు, ప్రశ్ననే మరో మాటల్లో చెప్పటం. అతని మాటలు మనకెందుకు చమత్కారంగా ఉన్నాయన్నదే తేలవలసింది.

గిరీశానికి భూమి లేదు, ఉద్యోగం లేదు, ఇల్లు లేదు. ఉన్నదల్లా నాలుక. ఆ నాలుకకు ఆ రోజుల బజారులో ఏం ధర పలుకుతుందో అతనికి బాగా తెలుసు. ఇంగ్లీషు పాలనలో ఇంగ్లీషు ముక్కలకు అన్నం పుడుతుంది. అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో కొడుకు చదువు ప్రదర్శించే ఘట్టం చూడండి. గురుశిష్యులిద్దరూ పసిపిల్లల ఇంగ్లీషు పాటలనూ అర్థంపర్థం లేని మాటలనూ సంభాషణలాగా వల్లిస్తే తండ్రి పొంగిపోతాడు. పొంగిపోయేది విద్య మీద గౌరవం వల్ల కాదు. కోర్టు వ్యాజ్యాలకు ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టేవాడు ఉచితంగా దొరికాడని. వేదం చదువుకున్నవాడు కూతుళ్ళను అమ్ముతున్నాడు, ఆ వేదంతో అన్నం పుట్టదని తెలిసి కొడుక్కి ఇంగ్లీషు కొంటున్నాడు. ఆ కొనుబడిలో నకిలీ సరుకు అంటగట్టిన దళారీ గిరీశం. కొన్నవాడు మోసపోతే మనకు జాలి కలగదు, నవ్వు వస్తుంది. ఎందుచేతనంటే కొన్నవాడు అప్పటికే పెద్దకూతుర్ని ముసలివాడికి కట్టబెట్టి విధవను చేసి, రెండో కూతుర్ని లుబ్ధావధాన్లకు బేరం పెట్టాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకినా బేరం ఆపలేదు.

ఆ ఊళ్ళలో పెద్దమనుషులందరూ వ్యాపారమే చేస్తున్నారు. ఒకడు పిల్లను అమ్ముతాడు, ఒకడు కొంటాడు, రామప్పంతులు మధ్యవర్తి డబ్బు తింటాడు. అందరూ దాన్ని శాస్త్రమనీ, ఆచారమనీ పిలుస్తారు. తాను వ్యాపారం చేస్తున్నానని లోలోపలనైనా తెలిసి చేస్తున్నవాడు గిరీశం. అబద్ధాల మీద బతికేవాడికి ఇతరుల అబద్ధాల ధర బాగా తెలుస్తుంది. అందుకే అతను నోరు విప్పితే పెద్దమనుషుల గుట్టు బయటపడుతుంది. ప్రేక్షకుడి నవ్వు ఆ గుట్టు మీదే.

ఇలాంటిదే బాల్జాక్ నవలలో కూడా చూస్తాం. 1835 నాటి 'పేర్ గోరియో'లో సంపద ఎలా పోగవుతుందో పేద విద్యార్థి రస్తిన్యాక్‌కు అరమరికలు లేకుండా బోధించేవాడు జైలునుంచి తప్పించుకున్న నేరస్థుడు వోత్రేన్. ఆ బోధ ఏ ప్రొఫెసరూ చెయ్యలేదు, ఏ ఫాదిరీ చెయ్యలేదు. మర్యాదస్థుల అబద్ధంలో వాటా లేనివాడే ఆ అబద్ధాన్ని అబద్ధమనగలడు. రాచరికాన్ని అభిమానించిన బాల్జాక్‌ను ఎంగెల్స్ 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో అంతగా మెచ్చుకోవటం ఊరికే జరగలేదు. రచయిత ఎవర్ని ప్రేమించాడన్నదాని కంటె, ఏ సంబంధాలను ఉన్నదున్నట్టు చూపాడన్నది ఎంగెల్స్ పట్టించుకున్నాడు. ఆ ఉత్తరం పేరు చెప్పి ప్రసంగాలు చేసే మన మిత్రులే, తీరా ఒక దుష్టపాత్ర ఎదురైతే ఆ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకోవటం వింతగా ఉంటుంది.

మూల్యం చెల్లించినవాళ్ళు

కాని గిరీశం నచ్చటంతో నాటకం పూర్తికాదు. గురజాడ గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. గిరీశం చేసే ప్రతి చమత్కారానికీ ఎవరో ఒకరు డబ్బు చెల్లిస్తున్నారు. ఆ చెల్లించేవాళ్ళను నాటకకర్త మన కళ్ళ ముందునుంచి కదలనివ్వడు. పూటకూళ్ళమ్మ చీపురు హాస్యానికే వచ్చినా, పదిమందికి వండిపెట్టి కూడబెట్టిన డబ్బు పోగొట్టుకున్న ఆడదాని చేతిలోని చీపురు అది. మనం నవ్వుతాం. నవ్వుతూనే దెబ్బ సరైనవాడికి తగల్లేదే అనుకుంటాం.

బుచ్చమ్మ విషయం ఇంకా స్పష్టం. అమాయకురాలు, నమ్మింది. ఆమెకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుసు. గిరీశం ఆమెతో మాట్లాడుతున్నంతసేపూ మనకు అతని మాటలు రెండు విధాలుగా వినిపిస్తాయి. ఆమె చెవితో విని కరుగుతాం, మధురవాణి ఇంట్లో అతన్ని చూసి వచ్చిన కళ్ళతో చూసి భయపడతాం. ఈ రెండూ కలిసినప్పుడే మన ఇష్టం మనకే ప్రశ్న అవుతుంది. ఇతని మాటకు నేను నవ్వానే, ఇప్పుడు దాని ఫలితం ఈ పిల్ల అనుభవిస్తుందే అనే ఇబ్బంది కలుగుతుంది. సాహిత్యం చెయ్యగల నీతిబోధ ఏదైనా ఉంటే అది ఈ ఇబ్బందే.

చివరికి ఆ గుట్టు బయటపెట్టేది ఎవరు? మచ్చలేని సౌజన్యారావు కాదు. అతను నిజంగా మంచివాడు, కాని గిరీశం ఉపన్యాసాలను నమ్మాడు. నమ్మాడంటే ఆశ్చర్యం లేదు, మంచి మాటలు మంచివాడినే ముందు మోసం చేస్తాయి. పైగా అతనికి వేశ్యాజాతి మీద ఏవగింపు. అందుకని మధురవాణి మగవేషం వేసుకుని అతని ఇంటికి రావలసి వచ్చింది. లోకం పతిత అన్న స్త్రీ వచ్చి చెబితేగాని సంస్కర్తకు కళ్ళు తెరుచుకోలేదు. బుచ్చమ్మను చదువుకోవటానికి పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయం జరుగుతుంది. గిరీశం తన కథ ఎదురు తిరిగిందని విసుక్కుంటూ వెళ్ళిపోతాడు. అతని మాటకు అప్పుడు కూడా నవ్వుతాం, కాని తలుపు అతని వెనక మూసుకుందన్న తృప్తితో నవ్వుతాం.

ఒక్క విషయం గమనించండి. మొదటి కూర్పు పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. విజయనగరం మహారాజు ఆనందగజపతి సేకరింపజేసిన జాబితాలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన శుల్కవివాహాలు 1,034 తేలాయి. వాటిలో ఏడాది నిండిన పసికందులకు జరిగినవి కూడా ఉన్నాయి. ఇంత భయంకరమైన సాక్ష్యం చేతిలో ఉన్నవాడు మనలాంటివాడైతే ఏం చేసి ఉండేవాడు? ఒక ఆదర్శ యువకుణ్ణి సృష్టించి, అతని నోట ఈ అంకెలన్నీ చెప్పించి, ముసలి పెళ్ళికొడుకులను చావగొట్టించి తెర దించేవాడు. ఆ నాటకం పదేళ్ళు కూడా బతికేది కాదు. గురజాడ ఆ అంకెలను పీఠికకు వదిలి, నాటకాన్ని ఒక మోసగాడికీ ఒక వేశ్యకూ అప్పజెప్పాడు. అందుకే కన్యాశుల్కమనే దురాచారం పోయిన తరవాత కూడా 'కన్యాశుల్కం' నిలిచింది.

ఒక గట్టి అభ్యంతరం

దీనికొక అభ్యంతరం ఉంది. దాన్ని దాటవెయ్యటం న్యాయం కాదు. రచయిత ఎంత జాగ్రత్తపడినా ప్రేక్షకుడు ఆకర్షణను తీసుకుని విమర్శను వదిలేస్తే ఏం చేస్తాం? ఇందుకు బ్రెహ్ట్ అనుభవమే సాక్ష్యం. యుద్ధంలో సరుకులమ్ముకు బతుకుతూ, ఆ యుద్ధానికే ముగ్గురు పిల్లల్నీ బలిపెట్టిన స్త్రీ కథగా 1939లో 'మదర్ కరేజ్' రాశాడు. 1941లో జూరిచ్‌లో ఆడినప్పుడు జనం ఆమెను తప్పుపట్టలేదు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న గ్రీకు పురాణ మాత నయోబితో పోల్చారు. బ్రెహ్ట్‌కు కోపం వచ్చి, ఆమె వ్యాపారబుద్ధి మరింత స్పష్టంగా కనబడేట్టు కొన్ని ఘట్టాలు మార్చి 1949లో బెర్లిన్‌లో ఆడించాడు. అక్కడా ఏడ్చారు.

మన దగ్గర కూడా ఇదే జరిగింది. గిరీశం, వెంకటేశం కనబడే ఘట్టాలను విడదీసి కళాశాలల వార్షికోత్సవాల్లో ఆడటం మామూలైపోయింది. అతని ఇంగ్లీషు ఊతపదాలు నాటకం చదవనివాళ్ళ నోళ్ళలో కూడా నానుతున్నాయి. బుచ్చమ్మ మాట ఒక్కటైనా ఎవరికైనా గుర్తుందా?

అభ్యంతరం గట్టిదే, కాని దానివల్ల తేలేది వేరు. జూరిచ్‌లో ఏడ్చినవాళ్ళు మూర్ఖులు కారు. యుద్ధంలో పేదవాళ్ళు బతకటానికి చేసే పనులే వాళ్ళను తినేస్తాయని వాళ్ళకు తెలుసు గనక ఏడ్చారు. ఆమె ఏమీ నేర్చుకోకపోయినా, ప్రేక్షకుడు చూసి ఏదైనా నేర్చుకుంటే చాలునన్నది బ్రెహ్టే. ఇక గిరీశం విషయంలో తప్పు ప్రేక్షకుడిది కాదు, ముక్క కోసి ఇచ్చినవాడిది. నాటకం మొత్తం చూసినవాడు బుచ్చమ్మను మరిచిపోలేదు. చమత్కారాన్ని దాని మూల్యంనుంచి వేరుచేసి విడిగా అమ్మటం ఒక పద్ధతి. ఈ పద్ధతినే నేటి సినిమా పరిశ్రమ పెద్ద ఎత్తున పెట్టుబడి పెట్టి సాగిస్తున్నది. మన పోరాటం ఈ పద్ధతితో.

కూలీ యజమాని అయ్యాడు, కూలీతనం అలాగే ఉంది

'పుష్ప' తీసుకుందాం. ఎర్రచందనం దొంగరవాణా చేసేవాణ్ణి నాయకుణ్ణి చేశారని నీతివాదులు గోల పెట్టారు. జనానికి నచ్చింది దొంగరవాణా అని వీళ్ళకు ఎవరు చెప్పారు? తండ్రి ఇంటిపేరు దక్కని కొడుకు, పెద్దింటివాళ్ళ చేత అడుగడుగునా అవమానం పడ్డ కూలీ, యజమాని ఎదట కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. జనం చూసింది అది. గడ్డం కింద చెయ్యి తిప్పే ఆ సంజ్ఞను ఊరూరా కుర్రవాళ్ళు అనుకరించారని విమర్శకులు ఈసడించుకున్నారు. రోజుకు పది పన్నెండు గంటలు ఎవడో ఒకడి ముందు తల వంచుకు బతికే కుర్రవాడికి, తలవంచనని చెప్పే సంజ్ఞ ఎందుకంత అవసరమైందో ఆలోచించే తీరిక మాత్రం ఆ విమర్శకులకు దొరకలేదు. ఇది వర్గద్వేషమే. వక్రంగానో అస్పష్టంగానో ఉండవచ్చు గాని, నిజమైనది.

అయితే సినిమా ఈ నిజమైన కోపాన్ని తీసుకుని ఏం చేసింది? వాటా అడిగిన కూలీని వాటాదారుణ్ణి చేసింది. వాటాదారుణ్ణి ముఠాకు పెద్దను చేసింది. అడవిలో గొడ్డలి పట్టినవాళ్ళు మొదట్లో అతని తోటివాళ్ళు, తరవాత అతని మనుషులు, చివరకు అతని వెనక నిలబడే గుంపు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్ళు తమిళనాడునుంచి కూలికి వచ్చిన పేదలు. దుంగలు కొని విదేశాలకు పంపేవాడెవడూ ఆ శవాల్లో లేడు. ఎర్రచందనం కథలో మూల్యం చెల్లించినవాళ్ళు వీళ్ళు. వీళ్ళ భార్యల్లో ఒక్కరైనా తెరమీదికి వచ్చి ఒక్క మాట అన్నట్టయితే, నాయకుడి సంజ్ఞకు కొట్టిన చప్పట్లు ఒక్క క్షణం ఆగేవి. ఆ క్షణంలోనే ప్రేక్షకుడికి ఆలోచన మొదలయ్యేది. ఆ క్షణం రాకుండా చూడటమే ఆ శిల్పం చేసిన పని.

'అర్జున్ రెడ్డి' సంగతి చూడండి. 2017లో నీతిపరుల ఆగ్రహం ఎక్కడికి పోయింది? బస్సుల మీద అంటించిన ముద్దు పోస్టరు మీదికి. ఒక నాయకుడు దాన్ని స్వయంగా చించాడు. అదే సినిమా మొదట్లో నాయకుడు ఒక స్త్రీని కత్తి చూపించి బెదిరిస్తాడు, దాని మీద అంత ఆగ్రహం కనబడలేదు. స్త్రీ ఇష్టపడి పెట్టిన ముద్దుకు పోయే పరువు, ఇష్టం లేదన్న స్త్రీకి కత్తి చూపితే పోలేదన్నమాట. నీతివాదం లోతు ఇంతే.

ఆ నాయకుడు తాగటం గాని, కోపిష్టి కావటం గాని నా అభ్యంతరం కాదు. దేవదాసు తాగలేదా? శరత్‌చంద్రుడి నవలలో పార్వతి నుదుటి మీద గాయం చేసింది దేవదాసే. జమీందారు కొడుకు పిరికితనానికి ఇద్దరు స్త్రీలు చెల్లించిన మూల్యం ఆ నవల నిండా ఉంది. పార్వతి మాట్లాడుతుంది, చంద్రముఖి మాట్లాడుతుంది. 'అర్జున్ రెడ్డి'లో వైద్యకళాశాలలో కొత్తగా చేరిన అమ్మాయిని ఈమె నాదని తరగతి గదిలో ప్రకటించినప్పుడు, ఆ అమ్మాయి ఏమనుకున్నదో సినిమా అడగదు. ఆమెకు ప్రేమ ఎలా కలిగిందో చూపదు. బుచ్చమ్మ కూడా ఎక్కువ మాట్లాడదని ఎవరైనా అనవచ్చు. నిజమే, కాని బుచ్చమ్మకు తెలియనిది మనకు తెలుసు, గిరీశం చెప్పనిది మనకు తెలుసు. ఇక్కడ నాయకుడికి తెలిసిందే ప్రేక్షకుడికి తెలుస్తుంది, నాయకుడు బాధపడిందే బాధగా కనబడుతుంది. ప్రేక్షకుణ్ణి అతని కళ్ళలో బంధించి, బయటికి చూడనివ్వకపోవటం ఈ శిల్పం రహస్యం. గురజాడ ఆకర్షణను సృష్టించి పరీక్షకు పెట్టాడు. వీళ్ళు ఆకర్షణను సృష్టించి పరీక్షను రద్దుచేశారు.

జనం కోరిందే ఇస్తున్నామన్న వ్యాపారస్థుడికి జవాబు ఇదే. జనం కోరింది తలవంచని మనిషిని. నువ్విచ్చింది ఇతరుల తలలు వంచే మనిషిని. కోరినదాన్ని సగం ఇచ్చి, మిగతా సగం కల్తీ చేశావు.

మచ్చలేని నాయకుడు ఎవరికి కావాలి?

ఇక మన మిత్రులు. దుష్టపాత్రల వల్ల జనం చెడతారని భయపడి మచ్చలేని నాయకులను సృష్టించే నవలలూ నాటకాలూ మనలో కొన్ని వచ్చాయి. ఆ నాయకుడికి భయం లేదు, ఆశ లేదు, ఇంట్లో భార్య మీద కోపం రాదు, సమ్మె రోజున పిల్లవాడికి పాలు లేకపోతే యజమాని దగ్గరికి పోదామా అన్న ఆలోచన ఒక్క రాత్రయినా రాదు. అలాంటివాణ్ణి చూసి కార్మికుడు ఏమనుకుంటాడు? వీడు నాలాంటివాడు కాడు గనక వీడి పోరాటం నాది కాదు అనుకుంటాడు. మచ్చలేని నాయకుడు గోడకు తగిలించిన పటం. పటానికి దండ వేస్తాం, దాంతో వాదం పెట్టుకోం.

వర్గసమాజంలో బతికేవాడి మీద ఆ సమాజం మచ్చ పడకుండా ఉండదు. మచ్చలేని మనిషిని చూపించామంటే సమాజం అతన్ని తాకలేదని చెప్పినట్టు. ఇంతకంటె భావవాదం ఏముంది? ఎవరు భౌతికవాదులమని చెప్పుకుంటారో వాళ్ళే ఈ పని చెయ్యటం విచారకరం.

రావిశాస్త్రి ఇలా చెయ్యలేదు. విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరుగా చూసిన లోకాన్ని 1960ల్లో 'ఆరు సారాకథలు'గా రాశాడు. మద్యనిషేధ చట్టం చుట్టూ అల్లుకున్న ఆ కథల్లో సారా అమ్మేవాళ్ళు, తాగేవాళ్ళు, లంచం తినేవాళ్ళు, దొంగసాక్ష్యం చెప్పేవాళ్ళు కనబడతారు. శుభ్రంగా ఉన్న మనిషి దొరకటం కష్టం. అయినా అవి చదివిన ఏ పాఠకుడికీ రచయిత ఏ పక్షమో సందేహం కలగదు. పేదవాడి నేరానికి శిక్ష ఉంది, పెద్దవాడి నేరానికి చట్టం ఉంది అని ప్రతి కథా చూపుతుంది. తాను రాసింది చెడ్డకు సాయపడుతుందా, మంచికి హాని చేస్తుందా అని రచయిత ఆలోచించుకోవాలని చెప్పినవాడు కూడా ఈయనే. ఆ మాటను పట్టుకుని దుష్టపాత్రలను నిషేధించమని ఆయన అర్థం చెప్పుకోలేదు. వాళ్ళకు అన్నం పెట్టేదెవరో, వాళ్ళ చేత ఆ పని చేయించేదెవరో చూపించాలని అర్థం చెప్పుకున్నాడు.

కాబట్టి అధ్యాపక మిత్రులకు నా మనవి. 'గిరీశం దుష్టుడు, సౌజన్యారావు ఆదర్శపురుషుడు' అని రెండు పేరాలు చెప్పించి, మార్కులు వేసి, 'కన్యాశుల్కా'న్ని ముగించకండి. గిరీశం మీకెందుకు నచ్చాడని విద్యార్థులను నిలదీసి అడగండి. వాళ్ళు నిజం చెప్పేవరకు వదలకండి. చెప్పిన తరవాత, మీరు నవ్వినప్పుడు డబ్బు పోయిందెవరికని అడగండి. ఆ రెండో ప్రశ్నతోనే విమర్శ మొదలవుతుంది.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. సినిమాహాలు ముందు వరస కట్టినవాళ్ళను చూసి ముఖం చిట్లించుకుని పక్కకు పోకండి. వాళ్ళు మీ నాన్నలు, మీ అన్నలు, రేపు మీ సభకు రావలసినవాళ్ళు. వాళ్ళ చప్పట్లలో సగం న్యాయమైన కోపం. ఆ కోపాన్ని మీరు అవమానిస్తే అది సినిమా పెట్టుబడిదారుడి దగ్గరకే పోతుంది, వాడు ఎలాగూ దాన్ని గౌరవంగా లోపలికి పిలిచి టిక్కెట్టు కోస్తాడు. వాళ్ళతో కూర్చుని సినిమా చూడండి. చప్పట్లు కొట్టవలసిన చోట కొట్టండి. ఆట వదిలాక బయటికొచ్చి, ఆ అడవిలో చచ్చిపోయిన ఇరవైమంది ఏ ఊరివాళ్ళని వాదన పెట్టుకోండి.

గిరీశాన్ని మెచ్చుకోవటం నేరం కాదు. బుచ్చమ్మను మరిచిపోవటం నేరం. ఆమెను మరిపించటం వృత్తిగా పెట్టుకున్నవాళ్ళను వదిలిపెట్టి, మరిచిపోయినవాళ్ళను తిట్టుకుంటూ కూర్చోవటం అంతకంటె పెద్ద నేరం.